కడుపు బంద్‌కు మినహాయింపులు

మా బావ మొన్న తెల్లవారుజామున, ఎవరికీ ముందస్తు నోటీసు ఇవ్వకుండా, నిద్రలోనే కన్నుమూశారని పాఠకులకు విచారంతో తెలియజేస్తున్నాను. నోటీసు మాట ఊరికే అనలేదు. ముందుగా మైకులో ప్రకటించకుండా జీవితంలో ఆయన చేసిన పని బహుశా ఇదొక్కటే.

ఆయన మా అక్క భర్త. జనగామ పత్తి మార్కెట్లో తూకం వేసే దడ్వాయి. కాంటా ముల్లును రైతు ఒకవైపు నుంచి, వ్యాపారి మరొకవైపు నుంచి అనుమానంగా చూస్తుంటే, బావ ఇద్దరి ముఖాలూ చూడకుండా తూకం పలికేవారు. "గోలికైనా బస్తాకైనా తూకమే, బామ్మర్దీ" అన్న మాట ఆయన నాకు వదిలి వెళ్లిన స్థిరాస్తి. అయితే బస్తా సంగతి ఆయనకు వృత్తి నేర్పింది. గోలి, అంటే మందుబిళ్ల, సంగతి ఆయన సొంత కడుపు నేర్పింది.

అవి రాష్ట్రం కోసం ఊళ్లకు ఊళ్లు రోడ్ల మీదికి వచ్చిన రోజులు. తెల్లారితే ఏ రోడ్డు మూసుకుంటుందో, ఏ పాట ఎక్కడ మొదలవుతుందో అని ఇంటింటా ఒకటే కోలాహలం. బావ ఉత్సాహానికైతే ఇల్లు చాలేది కాదు. అన్నంలోకి పచ్చడి అడగడానికి కూడా పిడికిలి ఎత్తుతున్నారని మా అక్క అధికారికంగా ఫిర్యాదు చేసింది. హైదరాబాద్-వరంగల్ రోడ్డు మీద వంటావార్పు, అంటే రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి అక్కడే వండి అక్కడే తినే నిరసన, జరిగినప్పుడు పప్పుచారు శాఖను ఆయనే నిర్వహించారు.

ఆ రోజు పప్పుచారు అమోఘంగా కుదిరింది. పక్కన డ్రమ్ములో పెట్టిన తాగునీళ్ల గురించి అంతమాట అనలేను. సాయంత్రానికల్లా ఉద్యమం పలువురు ఉద్యమకారుల కడుపుల్లోకి ప్రవేశించింది. బావకు విరేచనాలతో పాటు జ్వరం వచ్చింది, నెత్తురు కూడా పడింది. తెల్లారితే రైల్ రోకో. పట్టాల మీద మొదటి వరుసలో మొదటి మనిషి తానేనని ఆయన అప్పటికే దేవరుప్పుల నుంచి నర్మెట్ట దాకా చాటి ఉన్నారు.

"ఒళ్లు కాలుతున్నది. దవాఖానకు పోదాం పా" అంది అక్క.

"పట్టాల మీద కూసోని వచ్చినంక పోదాం."

"పట్టాల మీద కూసుంటవా, పట్టాల పక్కపొంట చెంబు పట్టుకొని కూసుంటవా?"

ఈ ప్రశ్నకు సమాధానంగా బావ పొద్దున్నే మందుల దుకాణానికి వెళ్లి, విరేచనాలు ఆపే గోలి అడిగారు. దుకాణం సేటు చేయవలసిన విచారణ చేశాడు. "జ్వరమున్నదా? నెత్తురు పడుతున్నదా?" ఉద్యమ ప్రయోజనాల దృష్ట్యా బావ రెండింటికీ లేదన్నారు. "అట్ట మీద రాసినకాడికే ఏసుకోవాలె. మళ్ల మళ్ల మింగేటియి గావు" అని సేటు హెచ్చరించాడు. ఒక గోలి కాసేపు ఆపితే అట్టంతా దినమంతా ఆపుతుందని మా బావ లెక్క. పొరపాటున కూడా కాంటా తప్పని మనిషి, కాంటా లేని చోట అట్ట మొత్తం మింగేశారు.

రైలును పైస్టేషన్లోనే ఎవరో ఆపేశారు కాబట్టి మాకు ఆపడానికి రైలు రాలేదు. బావ మాత్రం తన మాట నిలబెట్టుకుని మొదటి వరుసలో కూర్చున్నారు. ఎండ ఎక్కుతున్నకొద్దీ ఆయన కడుపు డప్పులా బిగుసుకుంది. నినాదం సగంలో ఆగింది. "బామ్మర్దీ, గుండె దడదడమంటున్నది" అని నా భుజం పట్టుకుని పక్కకు ఒరిగారు. బ్యానర్ గుడ్డలోనే వేసుకుని పరుగెత్తాం. పోలీసులు కొట్టారని ముందు వరుస, నిరాహార దీక్షలో పడిపోయారని వెనక వరుస నమ్మాయి. అసలు కారణానికి నినాదం కుదరలేదు.

సర్కారు దవాఖానలో డాక్టరమ్మ సెలైన్ ఎక్కించి, గుండె పరీక్ష చేయించి, బావ కళ్లు తెరిచాక ఆయన ఎదుట కుర్చీ వేసుకుని కూర్చుంది.

"జ్వరం, నెత్తురు ఉన్నప్పుడు రోగం బయటికి పోవాలె. మీరు లోపలనే పెట్టి గొళ్లెమేసిర్రు. పేగు ఉబ్బింది. పైకెల్లి అట్టంత మింగితే గుండె కూడ లయ తప్పుతది. జర ఆలస్యమైతే పానం పోతుండె."

"బంద్ గద మేడం. అన్నీ బంద్ పెట్టినం, ఇది గూడ పెట్టిన" అన్నారు బావ నీరసంగా.

ఆమె నవ్వలేదు. "మీ బంద్‌ల దేనికి మినాయింపు ఇస్తరు?"

"నీళ్లకు, పాలకు, దవాఖాన బండికి."

"కడుపుకు గూడ గంతే. ముందుగాల నీళ్లు, తర్వాత దవాఖాన. గోలి ఆఖరుకు. అది గూడ అందరికి గాదు."

బావ ఇంటికి సగం మనిషిగా వచ్చారు గానీ, ఉత్సాహం మాత్రం రెట్టింపై వచ్చింది. ఆ తర్వాత జరిగిన ప్రతి బంద్‌కూ ముందురోజు మార్కెట్ గేటు దగ్గర మైకు పట్టుకుని ఆయన చేసిన ప్రకటన ఇది.

"రేపు దుకాణాలు బంద్, బస్సులు బంద్, ఆఫీసులు బంద్. నీళ్లకు, పాలకు, దవాఖాన బండికి మినాయింపు. ఇగ కడుపు బంద్ సంగతి. జ్వరమున్నోళ్లు, నెత్తురు పడేటోళ్లు ఆపే గోలి మింగొద్దు, దవాఖానకు పోవాలె. పసిపిల్లలకు సగం గాదు, నలుసంత గూడ ఏయొద్దు. పెద్దోళ్లు మింగినా అట్ట మీద రాసినదానికి మించొద్దు. రెండు రోజులల్ల తగ్గకుంటే డాక్టరుకు చూపెట్టుకోవాలె. అన్నిటికన్న ముందుగాల, కాచి చల్లార్చిన లీటరు నీళ్లల్ల ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచ ఉప్పు. చెంచ తల గొట్టి కొలువాలె, కుప్ప పొయ్యొద్దు. జై తెలంగాణ."

"అన్నా, నువ్వు రాష్ట్రం గురించి చెప్తున్నవా, విరేచనాల గురించి చెప్తున్నవా?" అని ఒక హమాలీ అడిగాడు.

"రాష్ట్రం వచ్చినంక చూసెటందుకు మనుషులుండాలె గదరా" అన్నారు బావ.

ఈ ప్రకటనకు పరీక్ష ఒక బంద్ నాడు, నర్మెట్ట రోడ్డు చౌరస్తాలో ఎదురైంది. రోడ్డుకు అడ్డంగా కట్టిన మోకు ఒక కొస బావ చేతిలో ఉంది. ఆ ఉదయమే ఒక పెద్ద అధికారి కారును వెనక్కి పంపిన గర్వం ఆయన ముఖం మీద ఇంకా తాజాగా ఉంది. అప్పుడు ఒక ట్రాక్టర్ వచ్చి ఆగింది. తొట్టిలో తండా నుంచి వచ్చిన ఒక తల్లి, ఆమె ఒడిలో నడక రాని ఆడపిల్ల, పక్కన నాయనమ్మ.

"బంద్, బంద్, వెనుకకు తిప్పు" అన్నారు మావాళ్లు.

"పోరికి మోషన్లు ఆగుతలేవు అన్నా. జర దారియ్యుండ్రి" అంది తల్లి.

దారి దొరికేలా లేదని చూసి నాయనమ్మ కొంగు ముడి విప్పింది. కొడుకు కోసం ఎప్పుడో కొన్న ఆపే గోలి అందులో ఉంది. దాన్ని పంటితో సగం కొరికి పిల్ల నోటి దాకా తెచ్చింది.

మా బావ తొట్టిలోకి ఎలా ఎక్కారో నేను చూడలేదు. చూసేసరికి ఆమె చెయ్యి పట్టుకుని ఉన్నారు. "అవ్వా, అది పిల్లకు ఇయ్యద్దు. పెద్దోన్ని, నాకే పానం మీదికి తెచ్చింది." పిల్ల కళ్లు లోపలికి పోయాయి. ఏడుస్తోంది, కన్నీళ్లు లేవు. "ఉచ్చ పోసిందా?" అని అడిగితే "పొద్దటిసంది లేదు" అంది తల్లి.

"మోకు తియ్యుండ్రి" అన్నారు బావ.

"నువ్వే ఇడిస్తే ఎట్లనే? ఒక్కలకు ఇడిస్తే అందరు అడుగుతరు."

"బంద్ మనదే, మినాయింపు గూడ మనదే. నీళ్లకు, పాలకు, దవాఖాన బండికి. గిప్పుడు గిదే దవాఖాన బండి."

మోకు లేచింది. ట్రాక్టర్ ముందు నేను మోటారుసైకిల్ నడుపుతుంటే, బావ వెనక కూర్చుని జెండా ఊపుతూ "పసిపాపకు మినాయింపు" అని అరిచారు. తర్వాతి చౌరస్తాలో ఉన్నవాళ్లకు విషయం తెలియదు. అయినా నినాదం వినగానే అలవాటు ప్రకారం అందుకున్నారు. "పసిపాపకు!" "మినాయింపు!" వాళ్ల నోళ్లు అరుస్తుంటే చేతులు రాళ్లు పక్కకు లాగాయి. టైర్లు దొర్లాయి, మోకులు లేచాయి, డప్పు కూడా అందుకుంది. జనగామ చరిత్రలో విరేచనాల రోగికి అంతటి ఊరేగింపు జరిగి ఉండదు. మరునాడు ఒక పత్రికలో ఉద్యమకారుల కొత్త డిమాండుగా అది నమోదైంది.

డాక్టరమ్మ పిల్లను అందుకుని లోపలికి పరుగెత్తింది. బావ మెట్ల మీద కూర్చున్నారు. చాలాసేపటికి నాయనమ్మ బయటికి వచ్చింది. "ఉచ్చ పోసింది" అని ప్రకటించింది. రాష్ట్రం ప్రకటించిన రోజున కూడా బావ అంత గట్టిగా ఈల వేయలేదు.

రాష్ట్రం వచ్చింది. బావ మళ్లీ కాంటా దగ్గర నిలబడ్డారు. పెళ్లిలోనైనా జాతరలోనైనా ఎవరైనా కడుపు పట్టుకుంటే చెంచా తల కొట్టి కొలిచేవారు. నర్మెట్ట దగ్గరి తండా పిల్ల ఇప్పుడు పదో తరగతి. అంతిమయాత్రకు తల్లితో కలిసి వచ్చి మా అక్క పక్కనే నడిచింది.

నర్మెట్ట రోడ్డు చౌరస్తా దగ్గరికి వచ్చేసరికి వెనక అంబులెన్సు మోత వినబడింది. దారి నిండా జనం. పాడె ఆగింది. "పాడెను దాటనియ్యద్దు. పక్కకు జరుపుడు మంచిది గాదు" అన్నాడు ఒక పెద్దమనిషి. మోసేవాళ్లు ఎటూ తేల్చుకోలేక నిలబడ్డారు.

మా అక్క గొంతు పెద్దది కాదు. "ఆయన లేసి ఉంటే ఇప్పటికి జరిగేటోడు" అంది. "జరుపుండ్రి."

డప్పు ఆగింది. పాడె మెల్లగా రోడ్డు పక్కకు, ఒకప్పుడు మోకు కట్టిన స్తంభం దగ్గరికి జరిగి నిలబడింది. అంబులెన్సు దాటిపోయింది. ఆ గాలికి రోడ్డు మీద చల్లిన పేలాలు లేచి, కొన్ని దాని వెనకే కాస్త దూరం దొర్లుకుంటూ వెళ్లి ఆగాయి.