వేంకటాచలపతి గారి డి డ్రైవ్

మా షాపుకి వచ్చేవాళ్ళలో నాకు ఒళ్ళు మండించేవాళ్ళు రెండు రకాలు. ఏమీ తెలియకపోయినా అన్నీ తెలుసనేవాళ్ళు ఒకరు. అడగాల్సినవన్నీ కాగితం మీద రాసుకొచ్చి, జవాబు చెప్పేదాకా స్టూలు దిగనివాళ్ళు ఇంకొకరు. వేంకటాచలపతి గారు రెండో రకం. ఆయన్ని వెనకాల ఎన్నిసార్లు విసుక్కున్నానో లెక్కలేదు. ఇప్పుడు ఆయన మీద కోపం లేదు. ఉన్నదంతా నా మీదే.

నా పేరు మునిశేఖర్. తిరుపతిలో పద్దెనిమిదేళ్ళుగా కంప్యూటర్లు బాగుచేస్తున్నాను. ఆయన ఒక ట్రస్టు ఆఫీసులో గుమస్తాగా చేసి రిటైరయ్యారు. పెళ్ళి చేసుకోలేదు. చిన్నతనంలోనే భర్త పోయిన అక్క రంగనాయకి గారు, ఆయన, ఇద్దరే ఇంట్లో. వాళ్ళ వైష్ణవ కుటుంబాల్లో ఏ పెళ్ళి జరిగినా నలుగు పాట, తలంబ్రాల పాట, అప్పగింత పాట ఆమె నోటినుంచే రావాలి. ఆమె గొంతెత్తితే వంటవాళ్ళు కూడా గరిటెలు పక్కన పెట్టేవాళ్ళు. నేను స్వయంగా చూశాను.

నిరుడు ఆమె గొంతులో గడ్డ వచ్చింది. కోసి తీసెయ్యాలి, తర్వాత మాట రాదు అని డాక్టర్లు తేల్చేశారు. ఆపరేషనుకి పదకొండు రోజుల గడువు. ఆయన పరుగెత్తుకుంటూ నా దగ్గరికి వచ్చి మైకు పట్టుకుపోయారు. ఆ పదకొండు రోజులూ తలుపులేసుకుని ఆమె పాడింది, ఆయన కంప్యూటర్‌లోకి ఎక్కించారు. ఎనభై ఏడు పాటలు. ఆమె పెట్టింది ఒక్కటే షరతు. "ఇవి ఇంటి పాటలు. ఫోన్లలో ఊరంతా తిప్పేదానికి కాదు. ఈడనే ఉండాల." అందుకని ఆ పాటలు ఇంకెక్కడా లేవు. పెన్‌డ్రైవ్‌లో కూడా లేవు.

ఆపరేషన్ అయ్యాక రోజూ పొద్దున కాఫీ తాగి ఆమె కంప్యూటర్ ముందు కూర్చునేది. ఆయన ఒక పాట పెట్టేవారు. ఆమె పెదవులు కదిపేది. నేను ఒకసారి ప్రింటర్ బాగుచెయ్యడానికి వెళ్ళి అది చూసి, తల దించుకుని స్క్రూలు విప్పుకుంటూ కూర్చున్నాను.

పోయిన అక్టోబర్‌లో విండోస్ టెన్‌కి అప్‌డేట్లు ఆగిపోతాయన్నారు కదా, ఆ గోల మొదలైంది. ఆయన కంప్యూటర్ విండోస్ లెవెన్‌ని తీసుకోదు. ఆయన కాగితం మీద నిట్టనిలువు గీత గీసి, ఒకవైపు విండోస్, ఒకవైపు దాని బదులు ఊరికే దొరికే లైనక్స్ అని రాసుకుని వచ్చారు. తెలుగు టైపింగు, ప్రింటరు, పంచాంగం సాఫ్ట్‌వేరు, వైరస్ భయం. పిల్లకి సంబంధం చూసినట్టు చూశారు మహానుభావుడు!

"మునిశేఖరా, ఇప్పుడున్నది బాగానే నడస్తా ఉండాది. దాన్ని పారేసి కొత్తది ఎందుకప్పా?"

"లైనక్స్ వేసుకోండి స్వామీ. ముందు పెన్‌డ్రైవ్‌లో నుంచి నడిపి సూడండి. నచ్చితేనే లోపల వేసుకోవచ్చు," అన్నాను.

మూడు వారాలు అలా నడిపి చూశారు. తెలుగు వచ్చింది, ప్రింటరు పలికింది. కాగితంలో లైనక్స్ వైపు టిక్కులు పెరిగిపోయాయి. నాకు ముచ్చటేసింది కూడా. తిరుపతిలో అరవై ఎనిమిదేళ్ళ మనిషి ఎవరి సాయమూ లేకుండా ఇంత నేర్చుకోవడం మాటలా!

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా ఊళ్ళో ప్రతి రిపేరు షాపువాడూ కొత్త కంప్యూటర్‌లో డిస్కుని రెండు ముక్కలు చేసి ఇస్తాడు. సి అని ఒకటి, డి అని ఒకటి. విండోస్ పాడైతే సి ని తుడిచేసి మళ్ళీ వేస్తాం. అందుకే వచ్చిన ప్రతివాడికీ ఒకటే పాఠం. "ముఖ్యమైనవి డి లో పెట్టుకోండి. డి కి ఏమీ కాదు." పద్దెనిమిదేళ్ళుగా చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పాను. జనం డి అంటే పక్కగదిలోని బీరువా అనుకున్నారు. అనుకోనిచ్చింది నేనే. ఆ ఎనభై ఏడు పాటలూ ఆ బీరువాలోనే ఉన్నాయి.

కార్తీక మాసంలో ఒక శుక్రవారం మంచిదని ఆయన ముహూర్తం పెట్టుకున్నారు. నేను పక్కన ఉండాలని ముందే చెప్పారు. సరేనన్నాను. తీరా ఆ రోజు నాయుడుపేటలో ఒక ఫ్యాక్టరీ ఆఫీసువాళ్ళు కేబుల్ పని ఉందని పిలిస్తే అటు పోయాను. పదీ పదికి ఫోన్. నేను నిచ్చెన మీద ఉన్నాను, నోట్లో స్క్రూలు.

"ఏమప్పా, యాడ ఉండావు? పదిన్నరకంతా రాహుకాలం వచ్చేస్తాది."

"సాయంత్రం వస్తాను స్వామీ, ఆగండి."

"పెట్టుకున్న ముహూర్తం వదిలేస్తే ఎట్లా? నాకు తెలుసులే. ఒక్కటి చెప్పు చాలు. డి లో ఉండేవాటికి ఏమీ కాదు కదా?"

కింద సూపర్‌వైజర్ అరుస్తున్నాడు. "డి లో ఉంటే భయం ల్యా స్వామీ, నేనెప్పుడూ చెప్పేదే కదా," అనేసి ఫోన్ జేబులో పడేశాను.

ఆ మాట నోరు దాటిన అరగంటకి గాని నాకు వెలగలేదు. విండోస్ మళ్ళీ వేసుకోవడం వేరు, ఇది వేరు. లైనక్స్ వేసేటప్పుడు తెరమీద సి, డి అన్న పేర్లే కనపడవు. డిస్కు మొత్తం ఒకటిగా కనిపిస్తుంది. తుడిచి వెయ్యమంటే మొత్తం తుడుస్తుంది. గబగబా ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. ఎత్తలేదు. పూజ చేస్తున్నారేమోనని నాకు నేనే చెప్పుకుంటూ బండి తీశాను. రేణిగుంట దాటేదాకా ఫోన్ మోగిస్తూనే ఉన్నాను.

ఇంటికి వెళ్ళేసరికి తలుపు తీసే ఉంది. మానిటర్‌కి కుంకుమ బొట్టు, ముందు పగిలిన కొబ్బరికాయ. కొత్త తెర ధగధగలాడుతోంది. ఆయన మొహం వెలిగిపోతోంది.

"రాహుకాలం రాకముందే అయిపోయింది సూడు! రెండు దారులు అడిగింది. పాతది పక్కన పెట్టుకుంటావా, తుడిచేస్తావా అని. పాత సామాను ఉండగా కొత్త కాపురం ఏందని తుడిచేసినా. డి యాడ ఉంటుందప్పా ఇందులో? వెతకతా ఉండా, కనపడ్ల్యా."

నేను కూర్చుని వెతికినట్టు నటించాను. వెతకడానికి ఏమీ లేదు. పాత రకం డిస్కు అయితే గీకి గీకి కొన్నైనా తీసేవాళ్ళం. వేగంగా నడవాలని అందులో ఎస్‌ఎస్‌డి అనే కొత్తరకం డిస్కు పెట్టినవాణ్ణి నేనే. అది ఒకసారి తుడిస్తే ఆనవాలు మిగల్చదు. అయినా నా దగ్గరున్న సాఫ్ట్‌వేర్లన్నీ తిప్పాను. ఆయన నా మొహంలోకి చూసి, గోడకి ఆనుకుని నేలమీద కూలబడ్డారు.

"అక్కకి నువ్వే చెప్పప్పా. నాతో కాదు," అన్నారు.

అప్పుడే రంగనాయకి గారు వంటింట్లోంచి వచ్చింది. కొత్త తెర చూసి నవ్వింది. తన కుర్చీ లాక్కుని కూర్చుని, పెట్టమన్నట్టు వేలితో చూపించింది. ఎవరమూ కదల్లేదు. స్పీకర్ పాడైందనుకుందేమో, వంగి ప్లగ్గు సరిగ్గా నొక్కింది. మళ్ళీ చూపించింది.

"అమ్మా, పాటలు పోయినాయి. అన్నీ. తప్పు నాది. భయం ల్యా అని చెప్పింది నేనే," అన్నాను.

ఆమె తమ్ముడి వైపు చూసింది. ఆయన కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నారు. ఆమె నా వైపు తిరిగి నోరు తెరిచింది. మెడ దగ్గర నరాలు బిగిశాయి. ఆపరేషన్ అయిన మనిషి మాట్లాడబోయి ఆగిపోతుంది కదా అనుకున్నాను. ఆగలేదు. తిడుతోందో, అడుగుతోందో, పాడుతోందో నాకు తెలియలేదు. గాలి చప్పుడే వినిపించింది. అది అయ్యేదాకా నేను అక్కడే నిలబడ్డాను.