బస్సులో ఖాళీ చోటు

అవి బస్సులు బొగ్గుతో నడిచిన యుద్ధకాలపు రోజులు. మార్కాపురం నుంచి యర్రగొండపాలెం పోయే బస్సులో డ్రైవరు సీటు వెనక నేలచెక్క కుళ్ళి, అడుగు పెడితే పరుపులా దిగేది. డ్రైవరు చెక్క మార్చకుండా దానిమీద కిరసనాయిలు డబ్బా రేకు కొట్టి, గోనెపట్టా పరిచాడు. రోజూ తిరిగే మాలో ఎవరమూ అక్కడ నిలబడేవాళ్ళం కాదు.

పెద్దారవీడులో ఒక ముసలి సేద్యగాడు ఎక్కాడు. కూలికి దుక్కి దున్నడానికి పోతున్నాడట.

"ఇంత చోటు వదిలిపెట్టినారేంది?" అన్నాడు.

"నీకోసమే తాతా," అన్నాడు కండక్టరు. ముసలాయన పోయి గోనెపట్టా మీద నిలబడ్డాడు. బస్సంతా ముసిముసిగా నవ్వింది.

కొంతదూరం పోయాక ఒక గుంతలో బస్సు ఎగిరిపడింది. రేకూ చెక్కా విరిగి అతని కాలు మోకాటిదాకా దిగబడింది. పైకి లాగితే పిక్క చీరుకుపోయి ఉంది.

"ఈ కాలుతో మడక ఎట్ల పట్టేది?" అన్నాడు ముసలాయన.

"నా రేకు పాడుచేసినావు గదయ్యా," అన్నాడు డ్రైవరు. విరిగిన చోట ఇంకో రేకు మేకులతో బిగించి, నెత్తురు కనపడకుండా గోనెపట్టాను తిరగేసి పరిచాడు.

ముసలాయన పైపంచెతో కాలు కట్టుకుని మా బెంచీ చివర ఇరుక్కుని కూర్చున్నాడు. తరువాతి ఊళ్ళో నెత్తిన మూటతో ఒక యువకుడు ఎక్కి, చోటు కోసం చూశాడు. ముసలాయన మా ముఖాలన్నీ ఒకసారి చూసి, గోనెపట్టా వైపు చెయ్యి చూపించాడు.

"రా అల్లుడా, నీకోసమే పెట్టినాం."

ఈసారి అందరికంటే ముందు నవ్వింది ముసలాయనే.

ఇప్పటికీ కిక్కిరిసిన బస్సులో ఖాళీ చోటు కనిపిస్తే, నేను ముందు చుట్టూ కూర్చున్నవాళ్ళ ముఖాలు చూస్తాను.