మిల్లు కంప్యూటర్ తన నంబరు చెప్పింది

మా అమ్మాయి ప్రోగ్రాం నడిచింది! మునిగుడ బియ్యం మిల్లులో నిన్న నడిచింది, ఇవాళా నడుస్తోంది. ఈ మాట ముందుగా వినాల్సిన మనిషే లేరు. రాయగడలో మా పక్కింట్లో ఉండే, అమ్మాయికి ఈ విద్య నేర్పిన కంప్యూటర్ మాస్టారు పోయిన వారం గుండెపోటుతో వెళ్లిపోయారు.

నేను మున్సిపాలిటీలో పంపు ఆపరేటరుగా రిటైరైనవాణ్ణి. నాకు అర్థమైనంత చెబుతాను. కంప్యూటర్‌ని నెట్‌కి కలిపే కార్డు ఒకటుంటుంది, నెట్ కార్డు, అది తయారైనప్పుడే దానికో నంబరు వేస్తారట. మిల్లు తూకాలు రాసుకునే మా అమ్మాయి ప్రోగ్రాం ఆ నంబరు తానే చదువుకుని, సరిపోతేనే తెరుచుకోవాలి. వేరే మిల్లువాళ్లు కాపీ చేసుకోకుండా. అమ్మాయికి అదే మొదటి పని. పొద్దున తెరుచుకునేది. మధ్యాహ్నానికి "ఇది ఆ కంప్యూటర్ కాదు" అని మూసుకునేది!

"ఏటమ్మీ, నా కంప్యూటర్ని నాది కాదంటాదేటి?" అని మిల్లు సావుకారు ఫోన్లో అరిచేవాడు. "ఇంకోసారి మూసుకుందంటే కోరాపుట్టోళ్లకి ఇచ్చేస్తాను పని."

మాస్టారికి కారణం తెలిసే ఉంటుంది. చెప్పలేదు! ఆయన తీరే అంత. ఎవరేం అడిగినా ముందు కంప్యూటర్ పెట్టె వెనక్కి వంగి, నెట్ తీగ దగ్గర ఆకుపచ్చ దీపం మినుకుతోందా అని చూసి, అప్పుడు నవ్వేవారు.

"సెప్పీండి మాస్టారూ, పిల్ల అన్నం తినట్లేదు," అని బతిమాలాను.

"నాను సెప్తే అది నా పోగ్రాం అవుతాది గానీ దానిదవుతాదేటన్నా?" అని అమ్మాయి వైపు తిరిగారు. "అమ్మీ, ఇంట్లో కూకుంటే ఏటి తెలుస్తాది? మిల్లుకెల్లి కూకో. ఆ పెట్టెకి ఎవులేటి తగిలిస్తన్నారో సూడు."

నాకు ఒళ్లు మండింది. ఇంతలో ఆయనే పోయారు, జవాబు పట్టుకుని!

అంత్యక్రియలయ్యాక అమ్మాయి మిల్లుకు వెళ్లి కూర్చుంది. మధ్యాహ్నం నెట్ పోయింది. గుమస్తా, ఇక్కడ మనందరం చేసేదే, ఫోన్‌ని తీగతో కంప్యూటర్‌కి గుచ్చి నెట్ పెట్టుకున్నాడు. ప్రోగ్రాం ఠక్కున మూసుకుంది. అలా గుచ్చిన ఫోన్ కూడా ఒక నెట్ కార్డేనట, దాని నంబరు వేరట. ప్రోగ్రాం ముందు దొరికిన నంబరే పట్టుకుంటోంది. ఇప్పుడు నంబర్లన్నీ అడిగి, పెట్టెలో బిగించి ఉన్న కార్డుదే తీసుకునేలా అమ్మాయి తిరగరాసింది. నిన్న గుమస్తా ఫోన్ గుచ్చాడు, పీకాడు, మళ్లీ గుచ్చాడు. తెరుచుకునే ఉంది!

ఇంత కోపం, ఇంత ఆనందం ఇప్పుడెవరి ముందు కక్కను మాస్టారూ?

చెప్పాల్సినవాళ్లున్నారు. కుందురలో మా చెల్లి. దసమంతపూర్‌లో తోడల్లుడు. పార్వతీపురంలో అమ్మాయి మేనమామ. ఆ తర్వాత పక్కింట్లో చెల్లెమ్మ, మాస్టారి భార్య. ఆవిడకి ఫోన్లో కాదు, వెళ్లి చెప్పాలి. ఆయన గదిలో కంప్యూటర్‌ని ఆవిడ ఇంకా ఎవరినీ ఆపనివ్వలేదు. మా కిటికీలోంచి కనబడుతోంది, పెట్టె వెనక ఆకుపచ్చ దీపం, మినుకు మినుకుమంటూ.