మహ్రూస్ పెనం పట్టిన సాయంత్రం

ఇస్మాయిలియాలో, అరాయిషియ్య పేటలో, రొట్టెల మహ్రూస్ అంటే తెలియని వాళ్ళు లేరు. మీసాలు కూడా సరిగ్గా రాని వయసులో బట్టీ ముందు నిలబడ్డాడు, ఇప్పుడు తల నెరిసింది. తెల్లవారుజాము నుంచి మధ్యాహ్నం దాకా, పొంగిన రొట్టెను పొంగినట్టే బయటికి లాగి బల్ల మీద పరచడం ఆయన పని. వేళ్ళ చివర్లకి వేడి తెలియదు. ఇంతటి మనిషి ఇంట్లో మాత్రం పొయ్యి వెలిగించి ఒక గుడ్డు వేయించుకున్న పాపాన పోలేదు. వంటగది ఆయన భార్య నఫీసా రాజ్యం. మంచినీళ్ళకి తప్ప ఆ గుమ్మం దాటే అవసరం ఆయనకి ఎన్నడూ కలగలేదు.

ఆ గురువారం కలిగింది.

తల్లికి కంటి ఆపరేషన్ అని నఫీసా పొద్దున్నే సూయజ్ వెళ్ళింది. మర్నాడు ఉదయం వాళ్ళ అమ్మాయి హాగర్‌కి బరువులెత్తే పోటీ. సూయజ్ కాలువ ఒడ్డునున్న ఊళ్ళన్నిటికీ కలిపి పెడుతున్న పోటీ అది. అందులో బాగా ఎత్తిన వాళ్ళకి కైరోలో జాతీయ జట్టుతో కలిసి సాధన చేసే అవకాశం వస్తుంది. హాగర్‌కి పంతొమ్మిదేళ్ళు. పేటలో మిగతా ఆడపిల్లలు గోళ్ళకి రంగులేసుకుంటుంటే తను అరచేతుల కాయలకి వాజిలిన్ రాసుకుంటూ పెరిగింది.

పోటీకి ముందు ఆటగత్తెలని తూకం వేస్తారు. తన తరగతికి పెట్టిన హద్దు ఒక్క పిసరు దాటినా వెనక్కి పంపేస్తారు. హాగర్ ఆ హద్దుకి కాస్త కిందే ఉంది. ఆ కాస్త అలాగే ఉండాలి. వాళ్ళకి నేర్పే షాహినాజ్‌ని పిల్లలంతా కెప్టెన్ అంటారు. సాయంత్రం క్లబ్బులో ఆవిడ గట్టిగానే చెప్పి పంపింది.

"ఆకలితో పడుకున్నావంటే ఊరుకోను. కోడిమాంసం, కూరగాయలు కడుపు నిండా తిను. రొట్టె, అన్నం, మాకరోనీ మాత్రం ముట్టుకోకు. ఉప్పు చిటికెడే. పెందరాళే తిని పడుకో."

ఆ మాట హాగర్ ఇంటికొచ్చి చెప్పగానే మహ్రూస్‌కి ఏదోలా అనిపించింది. తన కూతురు రొట్టె లేకుండా భోంచేయడమా! ఆయన పుట్టి బుద్ధెరిగాక ఆ ఇంట్లో రొట్టె లేని బల్ల చూడలేదు. కానీ పిల్ల ముఖం చూసి సరేనన్నాడు. సాధన చేసి వచ్చి గోడకి ఆనుకుని కూర్చుంది, కాళ్ళు బారచాపి.

అప్పుడే నఫీసా ఫోన్ చేసింది.

"ఫ్రిజ్‌లో కింది అరలో కోడి రొమ్ము ముక్కలున్నాయి. కూసా కాయలూ క్యాప్సికం కూడా ఉన్నాయి. పెనం మీద పడేస్తే చిటికెలో అయిపోతుంది. హాగర్ చేసుకుంటుందిలే."

"హాగర్ ఎందుకు చెయ్యాలి? రేపు బరువెత్తాల్సిన పిల్ల. నేను చేస్తా," అన్నాడు మహ్రూస్.



"ఎవరూ?"

"నేనే."

"మహ్రూస్, నేనొచ్చేసరికి వంటగది ఉంటుంది కదా?"

"ఊరందరికీ పెట్టే చెయ్యి ఇది. నా కూతురికి పెట్టలేనా!" అని ఫోన్ పెట్టేశాడు. చొక్కా చేతులు పైకి మడిచాడు. హాగర్‌ని స్నానానికి తరిమాడు. వెళ్తూ వెళ్తూ ఆ పిల్ల రొట్టెల బుట్ట వైపు చూసిన చూపు గమనించి, బుట్టని తీసుకెళ్ళి అలమారు పైన పెట్టాడు.

"చూడకు! రేపటి దాకా అది నీకు పరాయి సొత్తు."

"వాసనైనా చూడనివ్వు నాన్నా."

"వాసన కూడా బరువే, పో!"

నఫీసా వాడే మందపాటి పెనం దొరికింది. గుండ్రంగా, అంచులు పైకి లేచి, ఒక పక్క నల్లటి పిడి. ముక్కలు కోయడం బాగానే సాగింది, బట్టీలో పిండి కోసిన చెయ్యే కదా. జీలకర్ర పొడి, ధనియాల పొడి, మిరియాలు చల్లి, వెల్లుల్లి నలిపి వేసి, నిమ్మకాయ పిండి కలిపాడు. ఉప్పు దగ్గరికొచ్చేసరికి రెండు వేళ్ళతో తీసినదాంట్లో సగం మళ్ళీ డబ్బాలోకి రాల్చాడు. పొయ్యి వెలిగించి, పెనంలో ఆలివ్ నూనె పోసి, ఆలస్యమెందుకని ముక్కలన్నీ ఒక్కసారే గుమ్మరించాడు.

చుయ్‌మంటుందని ఎదురుచూశాడు. అనలేదు. ముక్కలు తెల్లబోయి, నీళ్ళు వదిలి, ఆ నీళ్ళల్లోనే బుడబుడమనడం మొదలుపెట్టాయి.

వంటగది కిటికీ అవతల, గాలీ వెలుతురూ రావడానికి వదిలిన ఇరుకు బావిలాంటి ఖాళీ ఉంది. దానికి అటు పక్క కిటికీ ఇమాద్ తల్లిది, పేటంతా ఉమ్ ఇమాద్ అని పిలిచే ఆవిడది. ఇరవయ్యేళ్ళ పొరుగు. ఆవిడ ముక్కుకి ఈ భవనంలో ఏ ఇంట్లో ఏం ఉడుకుతోందో తెలుస్తుంది.

"నఫీసా! ఏంటే, కోడిని ఉడకేస్తున్నావా? ఇంట్లో ఎవరికైనా జ్వరమా?"

"నఫీసా ఊళ్ళో లేదమ్మా, నేను," అన్నాడు మహ్రూస్ సిగ్గుపడుతూ.

కిటికీ రెక్క దభాలున తెరుచుకుంది. ఇమాద్ తల్లి తలా, భుజాలూ, చేతిలో గరిటా బయటికొచ్చాయి.

"హాగర్ నాన్నా! నువ్వా! ఓరి నాయనో, ఈ వింత చూడ్డానికే దేవుడు నన్నింతకాలం ఉంచాడు. ఏదీ, పెనం ఇటు చూపించు. అయ్యో, సంత చేశావు కదయ్యా! అన్నీ ఒకేసారి పడెయ్యమని ఎవరు చెప్పారు నీకు?"

"పిల్ల ఆకలితో ఉంది…"

"అందుకని తొక్కిసలాట పెడతావా? నీ బట్టీలో రొట్టె మీద రొట్టె పడేస్తావా? ఎడం ఎడంగా పరుస్తావు కదా! ఇదీ అంతే. ముక్కలు బయటికి తియ్యి, నీళ్ళు వంపెయ్యి, పెనం పొగలొచ్చేదాకా కాలనియ్యి. సగమే వెయ్యి. వేశాక చెయ్యి కట్టుకు కూర్చో, కెలక్కు!"

మహ్రూస్ చెప్పింది చెప్పినట్టు చేశాడు. ఈసారి మొదటి ముక్క పడగానే పెనం గట్టిగా చుర్రుమంది. ఆ చప్పుడుకి ఆయన ఒళ్ళు పులకరించింది. కెలకాలని చెయ్యి లాగుతుంటే వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. "ఇప్పుడు తిప్పు!" అని ఇమాద్ తల్లి కేకేసింది. తిప్పాడు. ముక్క కింద వైపు బంగారు గోధుమరంగుకి తిరిగి, అంచులు కరకరలాడుతున్నాయి.

"వచ్చింది! ఉమ్ ఇమాద్, వచ్చింది! రంగొచ్చింది!" అని అరిచాడు, మొదటి బిడ్డ పుట్టినప్పుడు అరిచినంత గట్టిగా.

పై అంతస్తులో ఎవరో "ఏమొచ్చిందయ్యా?" అని అడిగారు.

"కోడికి రంగొచ్చిందంట!" అని ఇమాద్ తల్లి పైకి జవాబిచ్చింది.

రెండో విడత ముక్కలూ వేగాయి. అన్నీ ఒక పక్కకి నెట్టి లేత దోసకాయలాంటి కూసా చక్రాలూ, ఎర్ర క్యాప్సికం చీలికలూ, టొమాటో ముక్కలూ వేశాడు. వంటిల్లంతా వెల్లుల్లి, జీలకర్ర వాసన కమ్మేసింది. హాగర్ తల తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడి గుటకలు మింగుతోంది. "ఇంకొంచెం, తల్లీ, కూరగాయలు మెత్తబడితే చాలు," అంటున్నాడు మహ్రూస్. సరిగ్గా అప్పుడే మంట నీలం నుంచి పసుపుకి తిరిగింది. చిన్నదైంది. టప్పుమని ఆరిపోయింది.

గ్యాస్ అయిపోయింది.

సిలిండర్‌ని పట్టుకుని ఊపాడు. పడుకోబెట్టాడు. మళ్ళీ నిలబెట్టాడు. అగ్గిపుల్ల గీశాడు. లాభం లేదు. సిలిండర్ల బండివాడు మధ్యాహ్నమే వచ్చి వెళ్ళిపోయాడు. పిలుద్దామని చూస్తే ఇమాద్ తల్లి కిటికీ మూసి ఉంది. నమాజుకి వెళ్ళినట్టుంది. మహ్రూస్ ఒక్క క్షణం పెనం వైపు, ఒక్క క్షణం కూతురి వైపు చూశాడు. తువ్వాలు తీసి పెనం మీద కప్పి, పిడి పట్టుకుని వీధి తలుపు వైపు కదిలాడు.

"నాన్నా, ఎక్కడికి?"

"నిప్పు దగ్గరికి! నువ్వు ఆ బుట్ట జోలికి వెళ్ళావంటే మాత్రం…"

మాట మెట్ల మీదే తెగిపోయింది. చెప్పులు లేకుండానే పరిగెత్తాడు. వీధిలో కాఫీ పోసే ఖహవా కొట్టు ముందు పాచికలాడుతున్న వాళ్ళు తలలెత్తారు. "ఏం మహ్రూస్, ఆ వాసనేంటి, మమ్మల్ని పిలవవా?" అంటే, "రేపు చెప్తా, రేపు!" అంటూ దాటిపోయాడు. పిల్లి ఒకటి మలుపు దాకా వెంటపడింది.

బట్టీ దగ్గర సాయంత్రపు పని నడుస్తోంది. ఆ వేళప్పుడు బడిపిల్లల కోసం పొడుగాటి మెత్తని బన్నులు కాలుస్తారు. పని జలాల్‌ది. మహ్రూస్ దగ్గరే పని నేర్చాడు, ఇప్పుడు నోటికి ఎదురులేని వాడు.

"మేస్త్రీ! ఏంటీ ఊరేగింపు? పెళ్ళా?"

"జలాల్, బాబూ, బట్టీలో కొంచెం చోటివ్వు. గ్యాస్ అయిపోయింది. హాగర్ భోజనం ఇది."

జలాల్ తువ్వాలు ఎత్తి చూశాడు. "కోడి! మరి రొట్టె ఏదీ? పొద్దున్న మిగిలినవి ఇవ్వనా?"

"రొట్టె వద్దు. రేపు తూకం ఉంది."

"రొట్టెల మహ్రూస్ కూతురికి రొట్టె వద్దా! ఈ మాట మన యజమాని హాజీగారు వింటే బట్టీకి తాళం వేసి మళ్ళీ హజ్‌కి వెళ్ళిపోతారు."

"నీ హాస్యం తర్వాత! పెనం పెట్టు ముందు!"

"పెట్టేస్తా, కానీ ఈ పిడి ప్లాస్టిక్‌ది, మేస్త్రీ. కోడితో పాటు అదీ కాలుతుంది. హాగర్‌కి పిడి పులుసు పెడతావా?"

మహ్రూస్ తల కొట్టుకున్నాడు. జలాల్ కత్తి మొనతో మర ఊడదీసి పిడి పక్కన పెట్టాడు. రొట్టెలు తోసే పొడుగాటి చెక్క పార మీద పెనాన్ని నిలిపి, బన్నులకి దూరంగా, మంట బాగా తగిలే మూలకి మహ్రూస్ తానే తోశాడు. బట్టీ నోటి దగ్గర వంగి ముఖం ఎర్రబడేదాకా చూస్తూ నిలబడ్డాడు. టొమాటోలు ముడుచుకున్నాయి. క్యాప్సికం అంచులకి నల్లటి గీతలు పడ్డాయి. వేగిన కోడి మీద మెరుపొచ్చింది.

"చాలు! చాలు, లాగెయ్!" అని ఇద్దరూ ఒక్కసారే అరిచారు.

జలాల్ ఒక ముక్క నోట్లో వేసుకోబోతే మహ్రూస్ చేతి మీద కొట్టాడు. "ఆ పిల్ల తిన్నాక!" రెండు మందపాటి బట్టలతో పెనం పట్టుకుని మళ్ళీ అదే దారిన పరుగు. "ఇప్పుడైనా పిలవ్వయ్యా!" అని ఖహవా కొట్టు వాళ్ళు అరిచారు.

హాగర్ తినడం మహ్రూస్ ఎదురుగా కూర్చుని చూశాడు. పెనం లోంచే, ఫోర్కు పెట్టకుండా, వేళ్ళతో తింది. మొదటి రెండు ముక్కలూ గబగబా మింగింది. మూడోదానికి కళ్ళు మూసుకుంది.

"ఎలా ఉంది?" అన్నాడు మహ్రూస్.

"అమ్మకి చెప్పకు నాన్నా," అంది నోటి నిండా పెట్టుకుని, "అమ్మ చేసిన దానికంటే బాగుంది."

మహ్రూస్ ఆ రాత్రి సరిగ్గా నిద్రపోలేదు. మర్నాడు తన వంతు పని జలాల్‌కి అప్పగించి కూతురితో పాటు క్లబ్బుకి వెళ్ళాడు. ఇన్నేళ్ళలో ఆయన హాగర్ పోటీ చూడటం అదే మొదటిసారి. తూకం గది తలుపు దగ్గర నిలబడి, తెరుచుకున్నప్పుడల్లా లోపలికి తొంగిచూసి, కాపలాదారు చేత రెండుసార్లు చీవాట్లు తిన్నాడు. చివరికి హాగర్ బయటికొచ్చి ఆయన మెడకి వేలాడింది.

"లోపలే ఉన్నా నాన్నా! హద్దు లోపలే!"

హాలు నిండిపోయింది. మొదటి ఎత్తు సులువుగా లేపింది హాగర్. రెండోసారి బరువు పెంచారు. ఛాతీ దాకా తెచ్చింది కానీ, తల మీదికి ఎత్తేసరికి చేతులు నిలవలేదు. కడ్డీ వెనక్కి జారి దడాలున నేలని కొట్టింది. మహ్రూస్ గుండె కూడా దాంతో పాటే పడింది. మిగిలింది ఒక్క అవకాశం. అది తప్పితే కైరో లేదు.

హాగర్ మళ్ళీ వచ్చింది. కడ్డీ ముందు నిలబడి, వంగి, పట్టు సరిచూసుకుంది. మహ్రూస్ కళ్ళు మూసుకున్నాడు. పక్కనున్న మనిషెవరో "చూడవయ్యా, మీ అమ్మాయే కదా!" అని మోచేత్తో పొడిచాడు. కళ్ళు తెరిచేసరికి కడ్డీ ఛాతీ మీద ఉంది. మోకాళ్ళు వణుకుతున్నాయి. ఒక్క ఊపిరి. కేక పెట్టి పైకి ఎత్తింది. చేతులు చాచి, కడ్డీ తల మీద, కాళ్ళు రెండూ ఒక వరసలోకి తెచ్చి… నిలిచింది. నిలిచే ఉంది. ఎత్తు సరైనదేనని న్యాయనిర్ణేతల మూడు తెల్ల దీపాలూ వెలిగాయి.

ఆ తర్వాత ఏం జరిగిందో మహ్రూస్‌కి పూర్తిగా గుర్తులేదు. కుర్చీ ఎక్కాడని, పరాయి మనిషిని ముద్దుపెట్టుకున్నాడని జనం తర్వాత చెప్పారు. హాగర్‌కి రెండో స్థానం వచ్చింది. మొదటి స్థానం పోర్ట్ సయీద్ అమ్మాయికి. "రెండోదేంటి? ఎత్తింది కదా! మీరు చూళ్ళేదా?" అని నిర్వాహకులతో గొడవకి దిగబోయాడు. షాహినాజ్ ఆయన్ని పక్కకి లాక్కెళ్ళింది.

"కైరోకి ఇద్దర్నీ పిలుస్తున్నారు బాబాయ్. అరవకండి. ఇంతకీ రాత్రి అమ్మాయికి ఏం పెట్టారు? అంత హుషారుగా ఉంది?"

అడిగిందే తడవు మహ్రూస్ మొదలుపెట్టాడు. పెనం పొగలు రావాలని, ముక్కలు ఎడం ఎడంగా పడాలని, కెలక్కూడదని, చేతులు తిప్పుతూ మొత్తం చెప్పాడు. చుట్టూ మూగిన ఆటగత్తెలు నవ్వడం మానేసి వినసాగారు. ఒకమ్మాయి, "మా అమ్మ కోడిని నీళ్ళల్లో ఉడకేసి పెడుతుంది బాబాయ్, చెప్పులు నమిలినట్టుంటుంది," అని వాపోయింది.

నెల తిరక్కుండానే ఇంకో పోటీ వచ్చింది. ముందురోజు సాయంత్రం మహ్రూస్ ఇంట్లో హాగర్ కాక మరో నలుగురు అమ్మాయిలు బల్ల చుట్టూ కూర్చుని చెంచాలతో దరువేస్తున్నారు. నఫీసా గుమ్మంలో నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి, తన వంటగదిలో తన మొగుడు ఏప్రాన్ కట్టుకుని చెమటలు కక్కుతుంటే నోరు తెరుచుకుని చూస్తోంది.

"ఒసేయ్ నఫీసా, అలా నిలబడతావేం," అన్నాడు మహ్రూస్ వెనక్కి చూడకుండా. "ఉమ్ ఇమాద్ దగ్గర ఇంకో పెనం ఉంది, అడిగి పట్రా! ఇది సరిపోయేలా లేదు."

"నన్ను పురమాయిస్తున్నావా, నా వంటింట్లో!"

"తర్వాత తిట్టు. ముందు పెనం!"

నఫీసా నవ్వు ఆపుకోలేక కిటికీ తెరిచి కేకేసింది.