ఏడో నంబరు బట్ట

సిరిసిల్ల దిక్కు నుంచి సూరత్ వచ్చిన నరహరి నేసిన బట్టకు అక్కడి బమ్రోలి మగ్గాల పేటలో వంక పెట్టిన సేటు లేడు. ఇరవై ఆరేళ్ల మగ్గాల మోతకు చెవులు సగం పోయాయి గానీ, వేళ్లు మాత్రం పోలేదు. గుడ్డను వెలుగుకు పట్టి బొటనవేలితో ఒకసారి రుద్దితే చాలు, ఏ మగ్గం మీద దిగిందో చెప్పేసేవాడు. చివరికి ఆ వేళ్లే అతని కొంప ముంచాయి.

పందొమ్మిదేళ్ల కూతురు హారతి అతను పనిచేసే కార్ఖానా వెనక శవమై దొరికింది. మెడకు గుడ్డ పేలిక బిగించి ఉంది. కూలబడి ఏడ్చి ఏడ్చి, కళ్లు తుడుచుకున్నాక నరహరి ఆ పేలికను చూశాడు. అంచుకు బెత్తెడు దూరంలో పోగు తప్పిన సన్నని గీత. ఏడో నంబరు మగ్గానిది! పోగుల్ని విడదీసే దాని అచ్చులో ఒక పన్ను వంగి నెలయింది. దాని మీద చెడిన బట్టంతా మగ్గాల మీద అజమాయిషీ చేసే మాస్టర్ కమలాకర్ తన గదిలో వేసి తాళం పెట్టుకునేవాడు. నరహరి చెబితేనే పోలీసులు ఆ గది తెరిచారు. చిరిగిన మిగతా సగం అక్కడ దొరికింది. రెండు ముక్కలూ అచ్చంగా అతికాయి. ఇంకేం, వాడికి ఉరే అనుకున్నారందరూ.

"వాన్కి శిక్ష పడ్డంకనే బిడ్డ బూడిద గంగల కలుపుదాం," అంది భార్య భాగీరథి. ఆ బూడిద ముంత మూడేళ్లు అటక మీదే ఉంది.

ఆ మూడేళ్లూ పోలీసులు ఏం వెలగబెట్టారో తర్వాత బయటపడింది. పేలికలకు సీలే వేయలేదు. స్టేషన్ కప్పు కారి మూట కుళ్లితే ఎవరో చెత్తలో పారేశారు. విచారణ దగ్గరపడేసరికి దర్యాప్తు అధికారికి గుండె జారింది. సలాబత్‌పురా బట్టల బజారులో గజం బట్ట కొని, చింపి, కవర్లో పెట్టాడు. తన తప్పు దాచుకోవడానికి ఎంత తెలివి, థూ! నరహరికి మాత్రం ఒక్క ముక్కే చెప్పాడు: "చూపించగానే ఔనను. చేత్తో పట్టుకోకు."

ఎందుకో నరహరికి అర్థం కాలేదు. సాక్షి బోనెక్కాక కోర్టు గుమాస్తా ఆ పేలికను చేతికే ఇచ్చాడు. పాపం, అలవాటు ఎక్కడికి పోతుంది? వెలుగుకు పట్టాడు. బొటనవేలితో రుద్దాడు.

"సాబ్, ఇది ఏడో నంబరుది కాదు. గీత లేదు. అసలు మా కార్ఖానా బట్టే కాదు," అన్నాడు తనకొచ్చిన హిందీలో. ఎవరో చేసిన మోసాన్ని పట్టిచ్చానన్న ధీమాతో జడ్జి వైపు చూశాడు, వెర్రిబాగులోడు!

నెల తర్వాత తీర్పు వచ్చింది. కమలాకర్ నిర్దోషి. సాక్ష్యం మార్చినందుకు జడ్జి పోలీసులను తిట్టాడు, ఆ తిట్లు కాగితం మీదే ఉండిపోయాయి. కోర్టు మెట్ల దగ్గర కమలాకర్ వంగి నరహరి కాళ్లకు మొక్కాడు.

"నీ పున్నెమే అన్నా. నీ చేతులు అబద్ధమాడయి."

ఆ మాట భాగీరథి విన్నది. ఇంటికి వచ్చాక అటక మీంచి ముంత దించి మొగుడి ఒళ్లో పెట్టింది.

"ఇగో, గీ బూడిద గూడ రుద్ది చూడు. నీ బిడ్డదో కాదో చెప్పు."