గండిలో దిగిన గోల్‌కీపర్

గవర్నరుపేటలో వెంకటప్పయ్యగారికి రేడియోలు రిపేరు చేసే షాపు ఉండేది. హాకీ మ్యాచి ఉన్న రోజున ఆ షాపు ముందు ఐదుగురం చేరేవాళ్ళం. బెజవాడలో సినిమా పిచ్చి ఉన్నవాళ్ళకు కొదవ లేదు, క్రికెట్టు పిచ్చి ఉన్నవాళ్ళూ పెరుగుతున్నారు. హాకీకి మాత్రం, మాకు తెలిసినంతలో, మేమే. షాపు యజమాని వెంకటప్పయ్యగారు, టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో గుమాస్తాగా పనిచేసే నేను, ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచరు రాజ్యలక్ష్మిగారు, కంకిపాడు రైతు బసవయ్య, చివరగా శౌరయ్య. కామెంటరీ హిందీలో వచ్చేది. మాలో హిందీ వచ్చింది రాజ్యలక్ష్మిగారికే. బంతి ఎక్కడుందో ఆవిడ చెప్పేదాకా మిగతావాళ్ళం ఆవిడ మొహం చూస్తూ కూర్చునేవాళ్ళం.

నిజానికి మేం హాకీ గురించి మాట్లాడుకున్నది తక్కువ. మ్యాచికి ముందూ, ఇంటర్వెల్లోనూ, అయిపోయాకా మాటలన్నీ ఊరి మీదికే పోయేవి. బందరు రోడ్డులో సిటీ బస్సులు స్టాపులో ఆగకపోవడం, కుళాయిల్లో ఎర్రనీళ్ళు రావడం, ఏ హోటల్లో పెసరట్టు బాగుంటుంది, ఈ ఏడు ఎండలు ఎప్పుడు ముదురుతాయి. అందరం ఒకేసారి మాట్లాడేవాళ్ళం, శౌరయ్య తప్ప. అతను బ్యారేజీ మీద లస్కరు, అంటే గేట్లు ఎత్తి దించే పనివాడు. నలభై రెండు నలభై మూడేళ్ళుంటాయి. తువ్వాలు మడిచి మెట్టు మీద వేసుకుని, గోడకు ఆనుకుని వినేవాడు. అవతలివాళ్ళు మనకు గోలు చేసినప్పుడు మాత్రం "ముందుకు రావాల్సిందండి" అనేవాడు. గోల్‌కీపర్ గురించి ఆ మాట. అంతకుమించి ఏమీ అనేవాడు కాదు.

డెబ్బై అయిదు మార్చిలో కౌలాలంపూర్లో ప్రపంచ కప్పు జరిగింది. సెమీఫైనల్లో మలేసియా చేతిలో ఓడిపోతాం అనుకున్న మ్యాచి ఎలాగో గెలిచాం. రేడియో కట్టేశాక కూడా ఎవరికీ ఇంటికి వెళ్ళబుద్ధి కాలేదు. వెంకటప్పయ్యగారు అందరికీ టీ తెప్పించారు. మాటల్లో బసవయ్య మామూలుగానే మా ఊరిని ఎత్తిపొడిచాడు. బెజవాడలో ఎండా దుమ్మూ తప్ప ఏముందనీ, మనుషులు చేసిన గొప్ప పని ఒక్కటి చూపించమనీ అన్నాడు. వెంకటప్పయ్యగారు రైల్వే జంక్షన్ పేరు చెప్పారు. నేను మా ఎక్స్ఛేంజీ గురించి చెప్పబోతే అందరూ నవ్వారు. మా ఇంటి ఎదురుగా ఉన్నవాళ్ళకి ఫోన్ కలపడానికి మాకు గంట పట్టేది మరి.

రాజ్యలక్ష్మిగారు మెట్టు వైపు తిరిగారు.

"శౌరయ్యా, నువ్వెప్పుడూ గోల్‌కీపర్ సంగతే మాట్లాడతావు. నువ్వు ఆడేవాడివా?"

అతను టీ గ్లాసు కింద పెట్టాడు. మిషన్ స్కూల్లో చదివేటప్పుడు ఆడానని చెప్పాడు. ఫాదరుగారు నేర్పారట. పెద్దయ్యాక జిల్లా జట్టుకు రెండేళ్ళు గోల్లో నిలబడ్డాడట. యాభై రెండులో మద్రాసు క్యాంపుకు రమ్మని ఉత్తరం వచ్చిందట, రాష్ట్ర జట్టు ఎంపికకు.

అందరం అతని వైపు తిరిగాం. మూడేళ్ళుగా మా పక్కన కూర్చున్న మనిషి.

"మరి వెళ్ళారా?" అన్నాను. 'వెళ్ళావా' అనబోయి అలా అన్నాను.

"లేదండి. అప్పుడే గండి పడింది."

ఆ గండి సంగతి మాకందరికీ తెలిసిందే, పేపర్లో చదివినంత వరకూ. ఇప్పుడు బ్యారేజీ ఉన్నచోటికి దగ్గర్లోనే, తెల్లదొరల కాలంలో కట్టిన పాత ఆనకట్ట ఉండేది. వందేళ్ళ కట్టడం. ఆ ఏడు దాని ఒక చివర తెగి, కాలువల్లోకి ఎక్కాల్సిన నీళ్ళన్నీ సముద్రం దారి పట్టాయి. కింద డెల్టా అంతటా వరి నిలబడి ఉంది.

శౌరయ్య తండ్రి కూడా ఆనకట్ట మీద లస్కరే. తండ్రితోపాటు ఇతనూ గండి దగ్గరికి వెళ్ళాడు. పడవల మీద బండలు తెచ్చి వేస్తుంటే అవి చప్పుడు కూడా లేకుండా కొట్టుకుపోతున్నాయట. అడుగున ఎంత లోతు కోసుకుపోయిందో తెలిస్తేగానీ ఎక్కడ ఏం వెయ్యాలో ఇంజనీర్లకు అంతుపట్టలేదు. వెదురు గెడలు దింపితే విరిగిపోతున్నాయి. ఎవరైనా నడుముకు తాడు కట్టుకుని, వడి కాస్త తక్కువగా ఉన్న వైపు నుంచి మునిగి చూడాలి. అడిగితే నలుగురు ముందుకొచ్చారు. అందులో ఇతనొకడు.

"భయం వెయ్యలేదా?" అని అడిగారు వెంకటప్పయ్యగారు.

"వేసిందండి. తాడు పట్టుకుంది మా నాన్న. అందుకని దిగాను."

మద్రాసు ఉత్తరం ఆ రోజు అతని చొక్కా జేబులోనే ఉంది. చొక్కా విప్పి గట్టున పెట్టి దిగాడు. రోజుకు పది పన్నెండుసార్లు. బురదనీళ్ళు, కళ్ళకేమీ కనిపించదు. కాళ్ళతోనూ చేతులతోనూ తడుముకుని, పైకొచ్చి, ఇక్కడ రెండు నిలువులు, అక్కడ మూడు నిలువులు అని చెప్పాలి. మూడో రోజో నాలుగో రోజో, తెగిన చోటుకు పక్కగా మునిగినప్పుడు, అరికాలికి ఏదో నున్నగా తగిలింది. చెయ్యి పెట్టి చూశాడు. చెక్కిన రాయి. దాని పక్కన ఇంకోటి, దాని పక్కన ఇంకోటి. వరస తప్పలేదు. రెండింటి మధ్య వేలు దూర్చబోతే గోరు కూడా పట్టలేదు.

ఇది చెప్పేటప్పుడు శౌరయ్య గొంతు తగ్గింది. మేం దగ్గరికి జరిగాం.

"పైన అంత గోల జరుగుతుందా, అడుగున ఆ రాళ్ళు కదల్లేదండి. నూరేళ్ళ కిందట ఎవరో మనలాంటోళ్ళే, పేరు కూడా తెలీదు, నీళ్ళలో నిలబడి పేర్చారు. నేను ఊపిరి బిగబట్టగలిగినంతసేపూ వాటి మీద చెయ్యి పెట్టుకునే ఉన్నాను. మా నాన్న భయపడి తాడు లాగేశాడు."

క్యాంపు తేదీ ఎప్పుడు దాటిపోయిందో అతను గమనించలేదట. పని ముగిసి, కాలువలకు మళ్ళీ నీళ్ళు ఎక్కాక, జేబులో ఉత్తరం చూసుకున్నాడు. బాధ కలగలేదా అని నేను అడిగాను. కలిగిందనే చెప్పాడు. ఏడాదిపాటు హాకీ కర్ర ముట్టుకోలేదట. పెళ్ళయ్యాక భార్య అమలమ్మ దాన్ని ఆనపపాదు పందిరికి గుంజగా పాతిందట.

 అందరికంటే ఎక్కువ మాట్లాడే బసవయ్య తల వంచుకుని కూర్చున్నాడు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు.

"ఆ ఏడు నాకు పన్నెండేళ్ళు. చేను నెర్రెలిచ్చింది. మా అమ్మ మాణిక్యమ్మ పొద్దున్నే పోయి బోదెకాలవ దగ్గర కూచునేది, నీళ్ళొస్తయ్యేమోనని. అన్నం అక్కడికే తీసుకెళ్ళేవాణ్ణి. ఒకరోజు వచ్చినయ్యి. మా అమ్మ దిగి నీళ్ళు దోసిట్లో పట్టుకుంది. అవి ఎట్టా వచ్చినయ్యో మేమెవరం అడగలా, శౌరయ్యగారూ."

మాలో అతణ్ణి గారు అని మొదట పిలిచింది బసవయ్యే.

శనివారం ఫైనల్. ఆ రోజు తనకు డ్యూటీ ఉందనీ రాలేననీ శౌరయ్య చెప్పాడు. అయితే రేడియోనే అక్కడికి తీసుకొస్తామన్నారు వెంకటప్పయ్యగారు. కొత్త బ్యాటరీలు వేసిన ట్రాన్సిస్టర్ భుజాన తగిలించుకుని, నలుగురం బ్యారేజీ దగ్గరికి వెళ్ళాం. పదిహేనేళ్ళుగా ఆ దారిన గుంటూరు వెళ్ళే బస్సెక్కి పోయేవాణ్ణే. దిగి నిలబడి చూసింది అదే మొదటిసారి. కింది వైపు ఇసుక, నడుమ సన్నటి పాయలు, బట్టలు ఆరేస్తున్న చాకళ్ళు. పై వైపు మాత్రం కొండల దాకా నిండుగా, చలనం లేకుండా నీళ్ళు. ఒకే నది, మధ్యన ఒక గోడ. రాజ్యలక్ష్మిగారు పిట్టగోడ మీద చెయ్యి వేసి చాలాసేపు అటూ ఇటూ మార్చి మార్చి చూశారు.

బెజవాడ వైపు, కాలువలకు నీళ్ళు వదిలే తూముల దగ్గర శౌరయ్య ఉన్నాడు. పక్కనే ఉన్న చిన్న గది నీడలో కూర్చుని రేడియో పెట్టాం. ముందు పాకిస్తాన్ గోలు చేసింది. "ముందుకు రావాల్సిందండి" అన్నాడు శౌరయ్య, ఎప్పటిలాగే. ఇంటర్వెల్ తర్వాత మనవాళ్ళు సమం చేశారు. అప్పుడే లోపల ఫోన్ మోగింది. కింద దాళ్వా చేలకు, అంటే రెండో పంటకు, నీళ్ళు చాలడం లేదట, ఒక తూము తలుపు ఇంకో అడుగు ఎత్తమని సూపర్‌వైజరు చెప్పాడు.

శౌరయ్య లేచాడు. అరగంట ఆగితే మ్యాచి తేలిపోతుంది కదా అన్నాను.

"వాళ్ళు ఎదురుచూస్తా ఉంటారండి" అని వెళ్ళిపోయాడు.

రేడియో పట్టుకుని మేమూ వెంట వెళ్ళాం. అంత పెద్ద ఇనప తలుపు ఒక మనిషి చేతితో తిప్పే చక్రానికి లేస్తుందని నేను అనుకోలేదు. శౌరయ్య తొందరపడకుండా తిప్పుతున్నాడు. ముప్పై నలభై చుట్లకు తలుపు వేలెడు లేచిందో లేదో. బసవయ్య దగ్గరికి వెళ్ళి, తనూ ఒక చెయ్యి వెయ్యవచ్చా అని అడిగాడు. శౌరయ్య పక్కకు జరిగి చోటిచ్చాడు. ఇద్దరూ కలిసి తిప్పుతున్నారు. కింద, తలుపు అడుగు నుంచి, నీళ్ళు ముందు ఆకుపచ్చగా ఉబికి, ఆపైన తెల్లగా విచ్చుకున్నాయి. మా కాళ్ళ కింద రాయి సన్నగా అదరడం తెలుస్తూనే ఉంది.

"ఇవి మా ఊరు వస్తయ్యా?" అన్నాడు బసవయ్య.

"ఇందులో కొన్ని వస్తయ్యండి. రేపటికి చేరతయ్యి."

అదే సమయంలో రాజ్యలక్ష్మిగారు ఏదో అన్నారు. నీళ్ళ హోరులో వినపడలేదు. రేడియో చెవికి ఆనించుకుని రెండు వేళ్ళు చూపించారు. మనది రెండో గోలు. వెంకటప్పయ్యగారు కండువా గాల్లోకి ఎగరేస్తే అది పోయి పిట్టగోడకు తగులుకుంది. చక్రం దగ్గర ఇద్దరూ తలెత్తలేదు. మన దేశం ప్రపంచ కప్పు గెలిచే వేళకు శౌరయ్య వంగి, స్కేలు రాయి మీద నీటిమట్టం ఎక్కడికొచ్చిందో చూస్తున్నాడు.

గెలిచిన గోలు వినలేకపోయారే అని తర్వాత అన్నాను.

"రేపు పేపర్లో వస్తదిగా" అన్నాడు, చేతులకంటిన గ్రీజు తుడుచుకుంటూ.

ఆ జూన్లో బళ్ళు తెరిచాక, రాజ్యలక్ష్మిగారు తన స్కూలు పిల్లలకు గోల్లో నిలబడడం నేర్పమని అతణ్ణి అడిగారు. మొదట మొహమాటపడ్డాడు. ఆదివారాలు చర్చి అయ్యాక వస్తానని ఒప్పుకున్నాడు. ఒకసారి నేనూ చూడటానికి వెళ్ళాను. హన్నా అని ఒక బక్కపిల్ల బంతి వస్తుంటే కళ్ళు మూసుకుంటోంది. శౌరయ్య కోప్పడలేదు. ఆ పిల్ల వెనక గోలుగీత మీద నిలబడి, నేనిక్కడే ఉన్నాను, నువ్వు ముందుకు నడువు అన్నాడు. ఆ పిల్ల నడిచింది. బంతి కాళ్ళ ప్యాడ్లకు తగిలి ఆగింది. తనే ఆపిందని నమ్మలేనట్టు, ఆ పిల్ల బంతిని చూస్తూ అలాగే నిలబడిపోయింది.