చాక్లెట్‌లో పల్లీ బద్ద

డెబ్బైల మొదట్లో నాన్నకు ఫ్యాక్టరీలో ఉద్యోగం దొరికి, తెనాలి వైపు నుంచి పటాన్‌చెరు వచ్చాం. ఒక పెంకుటింట్లో సగం మాకు కిరాయికిచ్చారు. మిగతా సగంలో ఇంటావిడ ఉండేది. సంగారెడ్డి వ్యాపారస్తుల ఇంటి ఆడపడుచు. నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. ఆవిడ కూతురు రెండో కాన్పుకు వచ్చి పురిట్లో ఉంది. రెండేళ్ళ పెద్దపిల్ల అమ్మమ్మ కొంగు పట్టుకుని తిరిగేది, లేకపోతే నా వెనక తిరిగేది.

ఒక ఆదివారం నాన్న ఆబిడ్స్ నుంచి కోకో పొడి డబ్బా తెచ్చాడు. చక్కెర తీగపాకం పట్టి, కోకో, పాలపొడి, వెన్న, వేయించిన వేరుశనగపప్పు కలిపి పళ్ళెంలో పోస్తే చాక్లెట్ అవుతుందని అమ్మ ఎవరి దగ్గరో నేర్చుకుంది. పప్పు దంచే పని నాది.

"రవ్వలా దంచు. పలుకులు ఉండకూడదు," అంది అమ్మ.

అప్పుడు నాకు పదకొండేళ్ళు. బయట స్నేహితురాళ్ళు తొక్కుడుబిళ్ళ ఆడుతున్నారు. నాలుగు పోట్లు వేసి, పైపైన మెత్తటి పొడి కనిపించేలా గిన్నెకెత్తి ఇచ్చేశాను. బద్దలు అడుగున ఉన్నాయి.

సాయంత్రానికి చాక్లెట్ గట్టిపడింది. మొదటి ముక్క ఆ పిల్లకు నేనే నోట్లో పెట్టాను. అది నవ్వుతూ పరుగెత్తింది. రెండడుగులు వేసిందో లేదో దగ్గు తెర ముంచుకొచ్చింది. ముఖం ఎర్రబడి, ఆ వెంటనే నల్లబడింది. పెద్దమ్మ ఒక్క ఉదుటున వచ్చి పిల్లను బోర్లా వంచి వీపు మీద చరిచింది. కాసేపటికి ఏడుపు బయటికొచ్చింది. మాకందరికీ ప్రాణం లేచొచ్చింది.

"ఏం గాలె, పొలమారింది గంతే," అంది పెద్దమ్మ, పిల్ల ముఖం తుడుస్తూ.

నోట్లోంచి ఏమీ బయటపడకపోవడం నేను చూశాను.

మర్నాటికి పిల్లకు జ్వరం వచ్చింది. ఊపిరి తీసినప్పుడల్లా సన్నగా ఈల వేసినట్టు చప్పుడు. ఊళ్ళో డాక్టరు సర్ది చేసిందని మందు ఇచ్చాడు. అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి మెల్లగా అడిగింది.

"పప్పు సరిగ్గా దంచావా?"

"దంచానమ్మా."

రెండు రోజులు గోడ అవతల ఆ ఈల వింటూనే ఉన్నాను. అన్నం సహించలేదు. బడికి వెళ్ళినా పాఠం తలకెక్కలేదు. చెబితే చంపేస్తారనిపించేది. చెప్పకపోతే పిల్ల చచ్చిపోతుందేమోననిపించేది. మూడో రోజు పొద్దున చప్పుడు ఎక్కువైంది. పిల్ల డొక్కలు ఎగరేస్తోంది. నేను గుమ్మంలో నిలబడి ఒక్క గుక్కలో చెప్పేశాను.

"పెద్దమ్మా, నేను పల్లీలు దంచలేదు. బద్దలు అట్లాగే ఉన్నాయి. ఒకటి గొంతులోకి పోయిందేమో."

మందు కలుపుతున్న పెద్దమ్మ చెయ్యి ఆగిపోయింది.

"గిప్పుడానే చెప్పేది?" అంది. అంతే. పిల్లను భుజాన వేసుకుని, "మీ నాయినను పిలువు, జల్దీ!" అని చెప్పులు కూడా లేకుండా రోడ్డెక్కింది. నాన్న డ్యూటీ మానేసి వెంట పరుగెత్తాడు. ఇద్దరూ పట్నం బస్సెక్కి పెద్దాసుపత్రికి వెళ్ళారు.

ఆ రోజంతా నేను అరుగు మీదే కూర్చున్నాను. లోపల బాలింత ఏడుస్తుంటే వినిపించేది. పట్నం వైపు నుంచి బస్సు వచ్చినప్పుడల్లా లేచి నిలబడేదాన్ని. చీకటి పడే వేళకు నాన్న ఒక్కడే దిగాడు. నేను ఎదురు పరుగెత్తాను.

"తీశారు," అన్నాడు నాన్న. "గొట్టం వేసి తీశారు. సగం బద్ద, ఊపిరితిత్తిలోకి పోయే దారిలో ఉందట. పల్లీ అని చెప్పబట్టి సరిపోయింది, లేకపోతే ఉబ్బసమని మందులిస్తూ ఉండేవాళ్ళమన్నారు."

నాలుగు రోజులకు పెద్దమ్మ పిల్లతో తిరిగొచ్చింది. నేను ఎదురుగా వెళ్ళి తల దించుకున్నాను.

"దాచినందుకు నిన్ను కొట్టాలె," అంది. "చెప్పినవని ఇడుస్తున్న. పో, పిల్లను ఎత్తుకో."

ఎత్తుకోవడానికి భయమేసింది. పిల్లే నా మెడ పట్టుకుంది.

ఇంట్లోకి వచ్చేసరికి అమ్మ పీట మీద కూర్చుని ఏడుస్తోంది. నామీద కోపమనుకున్నాను.

"గిన్నె వంచినప్పుడు బద్దలు నేనూ చూశానే," అంది. "పాకం ముదిరిపోతుందని పోసేశాను. నువ్వు దంచానన్నావని నోరు మూసుకున్నాను."

ముఖం కడుక్కుని, ఆ మాట చెప్పడానికి తానే పెద్దమ్మ గుమ్మంలోకి వెళ్ళింది.